లూజు పెట్రోల్ ఇవ్వబడదు

సూర్రావు విమానం కొన్నది కోపంలో.

భీమడోలు దాటి కొల్లేటి వైపు దిగితే వచ్చే ఊళ్ళలో ఒకదాంట్లో అతనికి మూడు చేపల చెరువులున్నాయి. రాగండి, బొచ్చె పెంచుతాడు. ఆ ఏడు చలికాలంలో గూడబాతులు కొల్లేరు వదిలేసి వచ్చి అతని పెద్ద చెరువు మీద పడ్డాయి. గూడబాతంటే ముక్కు కింద సంచి పెట్టుకుని పుట్టిన పక్షి. బజారుకెళ్ళే మనిషి కూడా ఒక్కోసారి సంచి మర్చిపోతాడు గానీ అది మర్చిపోదు. సూర్రావు గట్టు మీద రేకు డబ్బాలు కట్టించాడు, ఎర్ర గుడ్డలు కట్టించాడు, టపాకాయలు కాల్పించాడు. కొన్నాళ్ళకి టపాకాయ పేలగానే గూడబాతులు ఎక్కడున్నా సరే భోజనాల గంట కొట్టినట్టు వచ్చి వాలడం మొదలుపెట్టాయి.

అప్పుడు పక్క చెరువు అనిల్ కుమార్ డ్రోన్ కొన్నాడు. అది గుయ్యిమని లేచిందంటే అతని చెరువులో ఉన్న పక్షులన్నీ లేచి, గట్టు దాటి, సూర్రావు చెరువులో దిగేవి.

"అతను ఆడుకునే బొమ్మ కొన్నాడు. నేను అసలుదే కొంటాను," అన్నాడు సూర్రావు భార్యతో.

"ఏవండీ, అవి తింటున్నది చేపల్ని. మిమ్మల్ని కాదు కదండీ. అంత కోపం దేనికి?" అంది కామేశ్వరి.

కానీ అప్పటికే అతను ఫోనులో మాట్లాడేశాడు. హైదరాబాదులో సరదాకి విమానం నడిపే ఒకాయన మోకాళ్ళ నొప్పులతో దాన్ని అమ్మేస్తున్నాడు. పక్కపక్కన రెండు సీట్లు, తెల్లగుడ్డ కప్పిన రెక్కలు, ముందు పసుపు ముక్కులో ఒక ఇంజను. "ఏరోప్లేను పెట్రోలే అక్కర్లేదండీ, కారుకి పోసే పెట్రోలు చాలు," అని ఆయన చెప్పిన ఒక్క మాటతో బేరం కుదిరిపోయింది.

విమానం లారీలో తాడేపల్లిగూడెం వచ్చింది. అక్కడ యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే ఒకటుంది. ఆ సిమెంటు మీద రెక్కలు బిగించారు. దాన్ని నడపడానికి లిడియా అనే అమ్మాయిని పెట్టుకున్నారు. లిడియాది తాడేపల్లిగూడెమే. పైలెట్ లైసెన్సు తెచ్చుకుని, పెద్ద కంపెనీల పిలుపు కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఎగరకుండా కూచుంటే లైసెన్సు పాతబడిపోతుందన్న బెంగతో ఈ ఉద్యోగానికి వచ్చింది.

"పనేంటండీ?" అని అడిగింది మొదటిరోజు.

"గాల్లో తిరగడం."

"ఎందుకండీ?"

"గూడబాతుల కోసం."

"మనం వాటిని చూడ్డానికా?"

"కాదమ్మా. అవి మనల్ని చూడ్డానికి."

లిడియా కాసేపు ఆలోచించి రెండు షరతులు పెట్టింది. పక్షుల్ని తరమకూడదు, కొల్లేరు అభయారణ్యం మీదకి పోకూడదు. మన చెరువుల మీద మనం తిరగడమే. సూర్రావు ఒప్పుకున్నాడు. "తరమక్కర్లేదమ్మా. మనిషన్నవాడు పైనుంచి ఒక్కసారి కనబడితే చాలు, వాటికే సిగ్గేస్తుంది," అన్నాడు.

సూర్రావు ఎవరికీ చెప్పని విషయం ఒకటుంది. అతనికి ఎత్తంటే భయం. మేడ ఎక్కితే పిట్టగోడ దగ్గరికి వెళ్ళడు. మేత గోడౌను మీద రేకులు ఊడితే పనివాళ్ళని ఎక్కించి తాను కిందనుంచి చూడ్డానిక్కూడా ఇష్టపడడు, కళ్ళు తిరుగుతాయి. విమానం కొన్నాక, కోపం దిగిపోయాక, అందులో తాను కూర్చోవాల్సి వస్తుందన్న సంగతి తట్టింది. కొన్నవాడు కూర్చోకపోతే ఊరు ఊరుకోదు. అందుకే, పాతాయన ట్యాంకులో మిగిల్చిన పెట్రోలుతో, తాడేపల్లిగూడెం నుంచి తన చెరువు గట్టు దాకా లిడియా ఒక్కతే ఎగురుతూ వచ్చింది. సూర్రావు కారులో వచ్చాడు. "ఎవరో ఒకరు కిందనుంచి చూడాలి కదండీ," అని అందరికీ చెప్పాడు.

పెద్ద చెరువు గట్టు వెడల్పుగా, తిన్నగా, కంకర వేసి ఉంది. విమానం దాని మీద చక్కగా దిగింది. ఇక రేపు యజమానిని ఎక్కించుకుని ఎగరాలి. సూర్రావుకి ఆ పూట అన్నం సయించలేదు.

అతన్ని ఆదుకున్నది పెట్రోలే.

పొద్దున్నే ట్యాంకు నింపుదామని సూర్రావు మనుషులు కారులోంచి పెట్రోలు తీసి తెచ్చారు. లిడియా సన్నటి గాజు గొట్టం తీసి, అందులో కొంచెం నీళ్ళు పోసి, నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయో పెన్నుతో గీత పెట్టింది. దాని మీద పెట్రోలు పోసి, మూత బిగించి, బాగా కుదిపి నిలబెట్టింది. కాసేపటికి పెట్రోలు పైకి తేలింది. అడుగున నీళ్ళు మాత్రం గీత దాటి పైకొచ్చి ఉన్నాయి.

"నీళ్ళు పెరిగాయేంటి?" అన్నాడు సూర్రావు.

"పెట్రోల్లో ఉన్న ఎథనాల్ నీళ్ళల్లోకి దిగిపోయిందండీ. చెరుకు నుంచీ, నూకల నుంచీ తీసే ఆల్కహాలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేదాంట్లో ఐదో వంతు అదే. ఈ ఇంజను పుస్తకంలో పదో వంతు మించకూడదని రాసుంది."

"మా బైకు తాగుతోంది, మా కారు తాగుతోంది. ఇదేమన్నా పెళ్ళికొడుకా?"

"బైకు ఆగిపోతే పక్కకి తీసి నిలబెడతారండీ. పైన పక్కకి తీయడానికి ఏముంటుంది? అది తేమ పీలుస్తుంది, లోపల రబ్బరు పైపుల్ని తినేస్తుంది. ఎండలో వేడెక్కితే పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి ఇంజనుకి అందదు. నేను ఎగరనండీ."

సూర్రావు గట్టిగా కోప్పడ్డాడు. ఆ కోపం అతని జీవితంలో అన్నిటికంటే ఆనందంగా పడిన కోపం. టీ కొట్టు దగ్గర నిలబడి, "ఏం చేస్తామండీ, విమానం ఉంది, పైలెట్ ఉంది, దేశంలోనే పెట్రోల్ లేదు," అని నిట్టూర్చాడు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

తర్వాత రోజులు హాయిగా గడిచాయి. విమానం గట్టు మీద పరదా కింద ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చూడ్డానికి వచ్చేవారు. సూర్రావు పరదా తీసి, మెత్తటి గుడ్డతో ముక్కు తుడిచి, సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని చూపించేవాడు. చక్రాలు నేల మీద ఉన్నంతసేపూ అతనంత ధైర్యవంతుడు ఆ మండలంలో లేడు. గూడబాతులు కూడా వచ్చి రెక్కల మీద వాలి ఈకలు ఆరబెట్టుకునేవి.

లిడియా మాత్రం ఊరుకోలేదు. ఏలూరు నుంచి తణుకు దాకా బంకు బంకుకీ తిరిగింది, గాజు గొట్టం పట్టుకుని. అన్ని చోట్లా నీళ్ళు గీత దాటాయి. చివరికి ఒకరోజు ఫోన్ చేసింది. "దొరికిందండీ! కాలవ అవతల రోడ్డు మీద జహీరా గారి బంకు. ఖరీదు బళ్ళ కోసం వేరే రకం పెట్రోలు తెప్పిస్తారట. గొట్టంలో పోసి చూశాను, గీత కదల్లేదు."

సూర్రావు గుండె కదిలింది.

జహీరాది ఏలూరు. తండ్రి పెట్టిన బంకుని ఆమె నడుపుతోంది. యాభై దాటిన మనిషి, మాట మెత్తన. బంకు నిలువెత్తు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'లూజు పెట్రోల్ ఇవ్వబడదు' అని రాయించింది. ఒకసారి ఎవరో సీసాలో పట్టుకెళ్ళి దాయాదుల గడ్డివాము తగలబెట్టారు. పోలీసులు వచ్చి ఆమెను నాలుగు గంటలు కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ సీసాలో గానీ, డబ్బాలో గానీ, కలెక్టరు గారు అడిగినా పోయనని అంటుంది.

లిడియా, సూర్రావు వెళ్ళి అడిగారు.

"డబ్బాలో అయితే కుదరదండీ. ఏమీ అనుకోకండి," అంది జహీరా.

సూర్రావు మొహం వెలిగిపోయింది. "చూశావా అమ్మా! రూల్ రూలే. ఆవిణ్ణి మనం ఇబ్బంది పెట్టకూడదు. జహీరా గారూ, మీలాంటి వాళ్ళుండబట్టే దేశం నడుస్తోందండీ. పదమ్మా."

లిడియా కదల్లేదు. "వెహికల్ తెచ్చుకుంటే పోస్తారా అండీ?"

"ఎందుకు పోయనండీ? బైకు, కారు, ఆటో, ఏదైనా సరే."

"విమానం?"

జహీరా తలెత్తి బంకు కప్పు వైపు చూసింది. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా కళ్ళతో కొలిచింది. తర్వాత ఎంతో మర్యాదగా అడిగింది: "వెడల్పెంతుంటుందండీ?"

"రెక్కలు విప్పేసి తెస్తాం కదమ్మా," అన్నాడు సూర్రావు, ఆశ చావక. రెక్కలు విప్పితే మళ్ళీ బిగించడానికి మెకానిక్కు హైదరాబాదు నుంచి రావాలి.

"రెక్కలు లేకుండా తెస్తే అది విమానమని నేనెలా అనుకునేదండీ? సామాను అవుద్ది. సామానుకి నేను పెట్రోల్ పోయను," అంది జహీరా.

ఆ విధంగా విమానం బంకుకి బయల్దేరింది.

గట్టు నుంచి ట్రాక్టరు దాన్ని తోక వైపు పట్టుకుని కాలవ ఒడ్డు దాకా లాగింది. వంతెన మీద రెక్కలు పట్టవు. అందుకని వెస్లీ అనే అతను తాడు లాగి కాలవ దాటించే బల్లకట్టు ఎక్కించారు. వెస్లీ బల్లకట్టు మీద బైకులూ, గేదెలూ, ఒకసారి పెళ్ళివారి బ్యాండు మేళమూ దాటాయి. విమానం ఎక్కాక రెక్కలు రెండు వైపులా నీళ్ళ మీదకి చాచుకున్నాయి. దూరం నుంచి చూసేవాళ్ళకి అది నీళ్ళ మీద ఎగరడం నేర్చుకుంటున్నట్టు ఉంది. అవతలి రేవులో ఒక ముసలాయన వెస్లీని, "ఏంట్రా, ఎగిరేదాన్ని కూడా నువ్వే దాటించాలా?" అని అడిగాడు.

"దానికి పెట్రోల్ లేదంట బాబాయ్," అన్నాడు వెస్లీ.

రోడ్డెక్కాక ట్రాక్టరు ముందు, విమానం వెనక. దాని వెనక రెండు బస్సులూ, ఒక అంబులెన్సూ. అంబులెన్సులో ఎవరూ లేరు, డ్రైవరు చూడ్డానికి ఆగాడు. సూర్రావు విమానంలో కూర్చుని బెల్టు పెట్టుకుని, రోడ్డు పక్కన నిలబడ్డవాళ్ళకి చెయ్యి ఊపుతూ వచ్చాడు. వెనక కారులో కామేశ్వరి ఆ చేతిని చూస్తూ వచ్చింది.

బంకులో కుర్రాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని నిలబడ్డారు. విమానం రెండు స్తంభాల మధ్య నుంచి ఇటు మూర, అటు మూర జాగాతో లోపలికి వచ్చింది. లిడియా ముందు ఒక వైరు తీసి, ఒక కొస విమానానికీ, ఇంకో కొస భూమిలో దిగిన కడ్డీకీ తగిలించింది, నిప్పురవ్వ పుట్టకుండా. తర్వాత గాజు గొట్టం తీసి పరీక్ష చేసింది. నీళ్ళు గీత మీదే ఉన్నాయి. బంకు కుర్రాడు నాజిల్ పట్టుకుని, అలవాటు ప్రకారం, "జీరో చూసుకోండి మేడమ్," అన్నాడు. ఇంకొకడు వచ్చి, "టైర్లకి గాలి కొట్టమంటారా?" అని అడిగాడు.

అప్పటికి మూగిన జనంలోంచి స్కూటరు మీదున్న ఒకాయన, "అమ్మా, ఆ గొట్టంలో మా పెట్రోల్ కూడా ఓసారి చూడండి," అన్నాడు. ఆయన అప్పుడే మామూలు పెట్రోలు పోయించుకున్నాడు. లిడియా కాదనలేక చూసింది. గీత దాటి నీళ్ళు పైకొచ్చాయి.

"నీళ్ళు!" అన్నాడాయన.

ఆ ఒక్క మాటకి బంకు అంతా లేచింది. నీళ్ళు కలిపారు, నీళ్ళు అమ్ముతున్నారు అని కేకలు. ఒకాయన బండి పడుకోబెట్టి పెట్రోలు వెనక్కి తీసుకోమన్నాడు. లిడియా విమానం చక్రం మీదకెక్కి అది నీళ్ళు కాదని చెప్పబోయింది, ఎవరికీ వినపడలేదు. ఏ మనిషి కోసం అందరూ వెతుకుతున్నారో ఆ జహీరా నెమ్మదిగా వచ్చి, బంకు పక్కనున్న ఇస్త్రీ కొట్టు బల్ల మీదికి ఎక్కింది.

"బాబూ, నేను నీళ్ళు కలపలేదు. అది ఆల్కహాలు. ట్యాంకరులోనే కలిసి వస్తుంది, దేశమంతా అంతే. మీ బండి కాయితాల్లో కూడా రాసుంటుంది. చెరుకు నుంచి తీస్తారు," అంది.

అందరూ తమ తమ బళ్ళ వైపు తిరిగి చూశారు.

"అంటే నా బండి ఇన్నాళ్ళూ మందు మీదుందాండీ?" అన్నాడు స్కూటరాయన.

"అందుకేనేమో మొన్న నిన్ను తీసుకెళ్ళి కాలవలో పడేసింది," అని వెనక నుంచి ఎవరో అన్నారు. "దాన్ని అన్నావు గానీ ఆరోజు నువ్వు దేని మీదున్నావో!" అని ఇంకొకరు.

నవ్వుల్లో గొడవ కరిగిపోయింది. తిట్టినవాళ్ళే మిగతా పెట్రోలు కూడా చూపించుకుందామని గొట్టం దగ్గర వరసలో నిలబడ్డారు. ట్రాఫిక్ ఎస్సై గారు వచ్చి, విమానాన్ని ఏ సెక్షను కింద పక్కకి జరపాలో తెలియక, చివరికి తన బుల్లెట్ పెట్రోలు కూడా చూపించుకుని వెళ్ళారు. ట్యాంకు నిండింది. జహీరా విమానం ముక్కు మీద చెయ్యి వేసి, "జాగ్రత్తగా వెళ్ళి రండి," అంది, బిడ్డని పరీక్షకి పంపుతున్నట్టు.

సూర్రావు తిరుగు ప్రయాణంలో ఎవరికీ చెయ్యి ఊపలేదు.

గట్టు దగ్గర ఊరంతా ఉంది. అనిల్ కుమార్ కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. ఇక దేశంలో పెట్రోల్ ఉంది, అది ట్యాంకులోనే ఉంది. సూర్రావుకి ఆఖరి దారి లిడియాయే చూపించింది, తెలియకుండా.

"సార్, మీ బరువెంతండీ? ట్యాంకు నిండా ఉంది కాబట్టి పక్క సీట్లో తొంభై కేజీలు మించితే లేపను."

"నూరుంటాను," అన్నాడు సూర్రావు వెంటనే.

"అంత ఉండరండీ. చూద్దాం."

చేపలు తూచే కాటా గట్టు మీదే ఉంది. సూర్రావు గబగబా లెక్క వేసుకున్నాడు. పోయిన నెల ఆసుపత్రిలో ఎనభై ఎనిమిది చూపించింది. "టిఫిన్ చేసి వస్తాను, ఖాళీ కడుపుతో గాల్లోకి వెళ్ళకూడదు," అని మేత గోడౌనులోకి వెళ్ళాడు. అక్కడ పనివాళ్ళ కోసం తెచ్చిన ఇడ్లీలు ఎనిమిది తిన్నాడు, చెంబెడు నీళ్ళు తాగాడు. చాలదేమోనని అనుమానం వచ్చింది. ఒక మూలన, వలలకి కట్టే సీసం గుళ్ళ సంచి ఉంది. దోసెడు తీసి ప్యాంటు జేబుల్లో వేసుకున్నాడు. ఇంకో దోసెడు.

వల తీసుకెళ్ళడానికి వచ్చిన కామేశ్వరి గుమ్మంలో నిలబడి చూసింది. అతను ఆమెను చూడలేదు. ఆమె దగ్గకుండా, అడుగు చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

సూర్రావు కాటా వైపు నడిచి వస్తుంటే రెండు జేబులూ మోకాళ్ళ దగ్గర ఊగుతున్నాయి, అడుగడుక్కీ గలగలమంటున్నాయి. ఒక చేత్తో ప్యాంటు పట్టుకున్నాడు. కాటా ఎక్కాడు. తొంభై ఏడు.

"అయ్యో!" అన్నాడు సూర్రావు. అంత బాధగా ఆ ఊళ్ళో ఎవరూ అయ్యో అని ఉండరు. "చూశారాండీ! నా విమానంలో నాకే చోటు లేదు!"

జనం జాలిపడ్డారు. లిడియా కాటా వైపు, సూర్రావు చేత్తో పట్టుకున్న ప్యాంటు వైపు చూసి ఏదో అడగబోయింది. ఈలోగా కామేశ్వరి చెప్పులు విప్పి కాటా ఎక్కింది.

"యాభై ఆరు. నేను సరిపోతానా అమ్మా?"

"ఆంటీ, మీరా?"

"ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. ఇంతమంది వచ్చారు," అంది కామేశ్వరి. చీర కొంగు నడుముకి బిగించి, సూర్రావు వైపు తిరిగి, అందరికీ వినపడేలా అంది: "మీరు కింద నుంచి జాగ్రత్తగా చూస్తూ ఉండండి. అన్నీ మీరే చూసుకోవాలి."

ఇంజను మొదలైంది. విమానం గట్టు మీద కొంచెం దూరం పరిగెత్తి, చేపల చెరువుకి పైన, సూర్రావు భార్యతో సహా, గాల్లోకి లేచిపోయింది. అతను జీవితంలో మొదటిసారి మెడ పూర్తిగా వెనక్కి వంచి ఆకాశం వైపు చూశాడు. కళ్ళు తిరిగాయి. అయినా దించలేదు. ఇంజను శబ్దంలో చిన్న తేడా ఉన్నట్టు అనిపించినప్పుడల్లా అతని చెయ్యి జేబులోని సీసం గుళ్ళని పిసికేది. ఆమె బదులు తనే వెళ్ళి ఉండాల్సిందని ఒక్కసారి, వెళ్ళనందుకు బతికిపోయానని ఒక్కసారి, ఇలా అనుకున్నందుకు సిగ్గు ఒక్కసారి, మూడూ వరసగా వస్తూ పోతూ ఉన్నాయి.

విమానం పెద్ద చెరువు మీదుగా ఒక చుట్టు తిరిగింది. నీళ్ళ మీదున్న గూడబాతులు తలలెత్తాయి. తర్వాత ఒక్కొక్కటే లేచాయి.

"లేచాయి! పోతున్నాయి!" అని జనం అరిచారు.

పోలేదు. విమానం వెనక, మర్యాదైన దూరంలో, రెండు వరసలుగా బారు తీరాయి. తెల్లటి ఒళ్ళు, పొడుగాటి పసుపు ముక్కు, చాచిన రెక్కలు: ఆ విమానం ఎలా ఉంటుందో అవీ అలాగే ఉన్నాయని అప్పుడు అందరికీ తోచింది. లిడియా వాటికి దూరంగా ఉత్తరానికి తిప్పింది. అవీ తిప్పాయి. అనిల్ కుమార్ చెరువులో ఉన్నవి కూడా, అంత పెద్దాయన వెళుతుంటే తాము కూర్చోవడం బాగుండదన్నట్టు, లేచి వెనక చేరాయి. లిడియా భీమడోలు దాకా వెళ్ళి వచ్చి, పక్షులు పైన గాలిలో తేలుతుండగా కిందికి వచ్చి విమానాన్ని గట్టు మీద దింపేసింది. అది ఆగిన కాసేపటికి గూడబాతులన్నీ దాని పక్కనే, సూర్రావు పెద్ద చెరువులో, జలజలా దిగాయి. ముందుకంటే రెట్టింపు ఉన్నాయి.

అనిల్ కుమార్ కుర్చీ లోంచి లేచి వచ్చి సూర్రావు చేతులు పట్టుకున్నాడు. "మీ రుణం ఉంచుకోనండీ. సాయంత్రం స్వీట్లు పంపిస్తాను," అన్నాడు. పంపించాడు కూడా.

సూర్రావు అవేమీ వినడం లేదు. కామేశ్వరి విమానం దిగుతోంది. జుట్టంతా చెదిరిపోయి ఉంది. ఆమె మొహం పెళ్ళినాటి ఫోటోలో ఉన్నట్టు ఉంది.

"ఎలా ఉందే?" అన్నాడు.

"చాలా ఉందండీ," అంది. మళ్ళీ పైకి చూసింది.

ఇంటికెళ్ళాక అతను స్నానానికి లేస్తుంటే ఆమె ప్యాంటు అందుకుని జేబులు పళ్ళెంలోకి వంపింది. సీసం గుళ్ళు గలగలా దొర్లాయి. సూర్రావు తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాడు.

"గోడౌన్లోనే చూశాను," అంది కామేశ్వరి.

"మరి అక్కడ చెప్పలేదేం?"

"చెప్తే ఖాళీ జేబులతో మళ్ళీ ఎక్కించేవారు కదండీ. మీరు భయపడుతుంటే నేను కిందనుంచి చూడలేను." ఆమె గుళ్ళని ఒక సంచిలో పోసింది. "ముప్ఫయ్యేళ్ళ నుంచి నాకు తెలుసు, మీరు పిట్టగోడ దగ్గరికి రారని. మీరే చెప్తారేమోనని చూస్తున్నాను. చెప్పకుండానే విమానం దాకా వచ్చారు."

"నాకు చాలా భయమే కామేశ్వరీ," అన్నాడు సూర్రావు. అనేశాక ఆశ్చర్యపోయాడు. ఏమీ అవలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

గూడబాతుల సంగతి కామేశ్వరే తేల్చింది. పైనుంచి చూసినప్పుడు మూడో చెరువు మిగతా రెండింటి కంటే చిన్నగా, కొల్లేటి వైపు చెయ్యి చాచినట్టు కనిపించిందట. ఆ చెరువులో చిల్లర చేపలు వదిలి, దాన్ని వాటికే వదిలేద్దామంది. సూర్రావు రెండ్రోజులు ఒప్పుకోలేదు, మూడోరోజు ఒప్పుకున్నాడు. లిడియా విమానాన్ని ఆ చెరువు గట్టు మీద నిలబెట్టడం మొదలుపెట్టింది. పక్షులు మారాయి. అన్నీ కాదు, చాలామట్టుకు. మిగిలినవాటిని సూర్రావు పేర్లు పెట్టి తిడతాడు.

విమానం అమ్మేద్దామంటే మాత్రం కామేశ్వరి ఒప్పుకోలేదు. వారానికి రెండుసార్లు లిడియాతో పైకి వెళుతుంది. విమానం నడపడం నేర్చుకోవడానికి వయసు అడ్డం కాదని లిడియా చెప్పిందట. లిడియాకి ఇంకా పెద్ద కంపెనీ పిలుపు రాలేదు గానీ, ఇప్పుడు పొద్దున్నే ఫోను చూసుకోకుండా ముందు ఆకాశం చూసుకుంటోంది. పదిహేను రోజులకోసారి విమానం పెట్రోలుకి వెళుతుంది. రద్దీ ఉండదని ఆదివారం పొద్దున్న రమ్మంది జహీరా. కామేశ్వరి ఆమెను కూడా ఒకసారి పైకి తీసుకెళతానంది. "నేను వస్తే బంకు ఎవరు చూస్తారండీ?" అంటూనే జహీరా తన బరువు చూసుకుంటోందని కుర్రాళ్ళు చెప్పారు.

ఒక ఆదివారం బల్లకట్టు మధ్య కాలవలో ఉండగా సూర్రావు విమానం నీడలో నిలబడి, అడగకుండానే వెస్లీతో అన్నాడు, "నేను ఇది ఎక్కను వెస్లీ. నాకు పైకెళ్ళాలంటే భయం." ఇంట్లో చెప్పాక, ఇప్పుడు కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు.

వెస్లీ తాడు లాగుతూ, చుట్టూ ఎవరూ లేరు కదా అని చూసి, గొంతు తగ్గించాడు.

"నాకు ఈత రాదండీ," అన్నాడు.

సూర్రావు అతని వైపు ఒకసారి, నీళ్ళ వైపు ఒకసారి చూసి, తానూ తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ నెమ్మదిగా, జాగ్రత్తగా, విమానాన్ని అవతలి ఒడ్డుకి లాక్కెళ్ళారు.